కిటికీ పక్క బల్ల

కొత్త గ్రంథాలయ భవనాల ఫొటోలు చూసినప్పుడు మేం మొదట వెతికేది చదువుతున్న మనిషిని. తరచుగా దొరకడు. మెట్లుంటాయి, గాజుంటుంది, మెట్ల మీద నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లుంటారు.

చైనాలో తియాన్‌జిన్ బిన్‌హాయ్ గ్రంథాలయం 2017లో తెరిచారు. నేల నుంచి కప్పుదాకా అలలు తిరిగిన తెల్లని అరలు, ప్రపంచమంతా నోరు తెరిచింది. పై అరల్లో ఉన్నవి మాత్రం పుస్తకాలు కావు, అల్యూమినియం రేకుల మీద అచ్చేసిన పుస్తకాల బొమ్మలు. ఆ అరలను వెనక నుంచి చేరుకునేలా డచ్ ఆర్కిటెక్టులు ప్లాను గీశారు. కట్టే తొందరలో ఆ దారి ఎగిరిపోయింది.

పారిస్‌ది మరో రకం. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి డొమినిక్ పెరో తెరిచిన పుస్తకాల ఆకారంలో నాలుగు గాజు టవర్లు లేపాడు, ఒక్కోటి 79 మీటర్లు. ఎండ తగిలే ఎత్తున పుస్తకాలు, కింద పల్లంలో తోట చుట్టూ పాఠకులు! కాగితం ఏమైపోతుందని గోల పుట్టాక గాజు వెనక చెక్క తలుపులు బిగించారు. గాజుతో కట్టి చెక్కతో మూయడం డబ్బున్న దేశాలకే చెల్లు.

అమెరికాలో ఎక్సెటర్ ఊరి బడికి లూయీ కాన్ కట్టిన గ్రంథాలయం (1971) దీనికి పూర్తిగా ఎదురు. పుస్తకాల అరలు లోపలి కాంక్రీటు నీడలో. చదివే బల్లలు బయటి ఇటుక గోడను ఆనుకుని, వెలుతురులో. పుస్తకం అందుకుని నాలుగడుగులు వేస్తే కిటికీ. అదీ రెండు కొలతల్లో: పైన గదంతటికీ వెలుగిచ్చే పెద్దది, కింద బల్ల ఎత్తులో కూర్చున్నవాడి కోసం చిన్నది. ఆ చిన్నదానికి పక్కకు జరిపే చెక్క తలుపు. వాన చూడాలనిపిస్తే తెరుచుకుంటాడు, రేపు పరీక్షుంటే మూసుకుంటాడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలాంటి బల్లలు 210. భవనమంతా ఆ ఒక్క బల్ల దగ్గర మొదలై చుట్టూ పెరిగిందేమో అనిపిస్తుంది.

అదే కాన్ అహ్మదాబాద్ ఐఐఎంకి వచ్చేసరికి మన ఎండను లెక్కలోకి తీసుకున్నాడు. గోడల్లో పెద్ద పెద్ద గుండ్రని ఖాళీలు వదిలి, గదులను నీడ వెనక్కి జరిపాడు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అయినా నగరాల్లోని రీడింగ్ రూములు పోటీ పరీక్షల పిల్లలతో నిండిపోతే, మిగిలినవాళ్లు వరండాల్లోనో చెట్ల కిందో సర్దుకుంటున్నారు. పొద్దున వచ్చినవాళ్లు చీకటి పడేదాకా కదలరు. అందుకే కొత్త భవనానికి అద్దాల ముఖం గీసుకొచ్చిన ఆర్కిటెక్టును శంకుస్థాపనకు ముందే ఒక మాట అడగాలి: మే నెలలో మధ్యాహ్నం మూడింటికి పడమటి ఎండ ఎన్ని బల్లల మీద పడుతుంది?