నెల్లిమర్ల మిల్లుకు పునాది గోగు చేలే

నెల్లిమర్ల: ఇక్కడి జూట్ మిల్లు ఊసు వచ్చినప్పుడల్లా లాకౌటు, జీతాలు, బకాయిల మాటలే వినిపిస్తాయి. అవి న్యాయమైన మాటలే. అయితే నూరేళ్ళు దాటిన ఈ మిల్లు మన వూరికే ఎందుకు వచ్చిందన్నది కూడా ఆలోచించవలసి వున్నది. దానికి జవాబు చుట్టుపక్కల గోగు చేలల్లో దొరుకుతుంది.

మన మెట్ట భూముల్లో పండిన గోగునార ఒకప్పుడు భీమునిపట్నం రేవులో ఓడలకెక్కేది. అందుకే వర్తకులు దానిని 'బిమ్లి జూట్' అన్నారు. బెంగాలు జనపనార కంటే ముతకదే అయినా గోనెసంచులకు బాగా పనికివస్తుంది. దేశంలో మొదటి జూట్ మిల్లు 1855లో కలకత్తా దగ్గరి రిష్రాలో వెలిసింది. 1890 దశకంలో ఈ ప్రాంతం మీదుగా రైలుమార్గం పడ్డాక మనవాళ్ళు ఎందరో హుగ్లీ ఒడ్డు మిల్లులకు కూలికి పోయారు.

1920 ప్రాంతంలో మిల్లే నెల్లిమర్లకు వచ్చింది. నార దగ్గరలో వుంది, రైలు స్టేషను వుంది, పక్కనే చంపావతి వుంది. ఈ మిల్లు, చిట్టివలస మిల్లు రెండూ కలకత్తాకు చెందిన మెక్లియడ్ కంపెనీ అజమాయిషీలో నడిచాయి. మిల్లు కూత మీదనే వూరి పొద్దు నడిచింది.

తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే. 1994 జనవరిలో ఆందోళన చేస్తున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణాలు పోయాయి. 2009లో చిట్టివలస మిల్లు మూతపడింది.

ఈలోగా గోగు చేలు తరిగిపోయిన సంగతిని పట్టించుకున్నవారు తక్కువ. గోగు కష్టం రైతుకు తెలుసు. తొలకరికి విత్తి, పూతకు వచ్చాక కోసి, మోపులు కట్టి, రెండు మూడు వారాలు నీళ్ళలో ఊరవేయాలి. కుళ్ళునీళ్ళలో నిలబడి నార ఒలవాలి. చెరువు నిండని యేడు నీళ్ళుండవు, నిండిన యేడు కూలీలు దొరకరు. ఇంతా చేస్తే ప్లాస్టిక్ సంచుల పోటీకి ధర నిలవదు. రైతు మొక్కజొన్నకో, సరుగుడుకో మళ్ళడంలో వింత లేదు.

ధాన్యాన్ని, పంచదారను గోనెసంచుల్లోనే నింపాలని ఆదేశించే అధికారాన్ని 1987 నాటి చట్టం కేంద్రానికి ఇచ్చింది. దానివల్ల సంచికి గిరాకీ వుంటుంది. కాని ఆ సంచి బెంగాలు నారతో తయారైతే మన రైతుకు దక్కేదేమిటి? మిల్లు నడిచినా పరాయి సరుకు మీద, రైలు కిరాయి మీద ఆధారపడవలసి వస్తుంది.

ఆమదాలవలస పరిశోధనా కేంద్రం గోగులో మేలు రకాలను రూపొందించింది. మద్దతు ధరకు నార కొనడానికి 1971లో ఏర్పడిన జూట్ కార్పొరేషన్ వున్నది. ఊరవేతకు తొట్లు, నార ఒలిచే యంత్రాలు, కోతల వేళకే కొనుగోలు కేంద్రాలు సమకూరితే గోగు మళ్ళీ చేలకు రావచ్చు. మిల్లు కోసం వినతిపత్రం ఇచ్చే కార్మిక నాయకులు అందులో గోగు రైతు మాట కూడా చేర్చడం అవసరం.