తూకానికి వేయకూడని కాగితాలు

పదవీ విరమణ తరువాత కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయడం గోదావరిఖనిలోని మన కుటుంబాలకు తెలిసిన ఘట్టమే. సామాను సర్దే ఆ రెండు రోజుల్లో అటక మీది పెట్టె కిందికి దిగుతుంది. ఏనాటివో టోర్నమెంటు సావనీర్లు, టికెట్టు ముక్కలు బయటపడతాయి. పాత పేపర్లతో కలిపి వాటినీ కిలోల లెక్కన ఇచ్చివేస్తాము. మా ఇంట అదే జరిగింది. అబ్బా ఆడిన ఫుట్‌బాల్ జట్టు ఫోటో ఉన్న సంచిక అలాగే వెళ్లిపోయింది. ఆ జట్టులోని వారి పేర్లు చెప్పగలవారు నేడు మా ఇంట ఎవరూ లేరు.

ఇలాంటి కాగితాలనే అమెరికాలో కొందరు అపురూపంగా సేకరిస్తారు. ఇండియానాపోలిస్‌లో 1911 మే 30న తొలి 500 మైళ్ల కార్ల పోటీ జరిగింది. 40 కార్లు బయలుదేరగా, మార్మన్ కారు నడిపిన రే హరౌన్ గెలిచాడు. 1930లలో ఆ కార్ల తయారీ ఆగిపోయింది. అయినా అలనాటి పోటీల ప్రోగ్రాం పుస్తకాలలో ఆ కార్ల పేర్లు, ప్రకటనలు, ఓడినవారి పేర్లు సైతం నిలిచి ఉన్నాయి. అట్ట చిరిగిందా, పేజీలన్నీ ఉన్నాయా అని చూసి సేకర్తలు ధర కడతారు. ప్రేక్షకుడెవరో పెన్సిలుతో రాసుకున్న అంకెలు మాత్రం ఆ రోజును కళ్లకు కట్టే సాక్ష్యాలు.

మన హైదరాబాదులోనూ 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. 2024లో జరగవలసిన పోటీ రద్దయింది. నాటి టికెట్టు దాచుకున్నవారి చేతిలో ఉన్నది ఇప్పుడు నగర చరిత్రలో ఒక ముక్క.

పరుగు పోటీలు మనకు కొత్త కావు. దైవప్రవక్త (స) గుర్రాలకు పోటీ పెట్టించారు. అందులో స్వయంగా పాల్గొన్న హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) ఏ గుర్రాలు ఎక్కడి నుండి ఎక్కడి వరకు పరుగెత్తాయో కూడా తెలియజేశారు. ఆ వివరం నేటికీ మన వద్ద భద్రంగా ఉంది. జూదం మాత్రం నిషిద్ధం.

పోగుచేయడం వేరు, భద్రపరచడం వేరు. అధికంగా కూడబెట్టాలన్న పోటీ మనిషిని ఏమరుపాటులో పడవేస్తుందని దివ్య ఖుర్ఆన్‌లోని తకాసుర్ సూరా హెచ్చరిస్తున్నది. అప్పు తీర్చవలసిన సొమ్ముతో, పిల్లల ఫీజుతో పాత కాగితాలు కొనడం వివేకం కాదు. ఇంట్లో ఉన్నవాటిని కాపాడుకోవడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

కనుక పెట్టె దించిన రోజున ముందుగా పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుందాం. ఫోటోలోని ప్రతి ముఖానికీ పేరు అడిగి, సంవత్సరంతో సహా వెనుక పెన్సిలుతో రాసుకుందాం. తేమ తగలని ఒక్క పెట్టెలో దాచుదాం. తరాజు వచ్చేలోపే ఆ పేర్లు అడిగి తెలుసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.