నీలి రక్తపు రుణం

పేరుకే పీత, చుట్టరికమంతా సాలీడుతో, తేలుతో. గుర్రపునాడా పీత వంశం 44 కోట్ల ఏళ్లనాటిది. ఒడిశాలోని బాలాసోర్ తీరంలో పున్నమి, అమావాస్య పోట్లకు జంటలు ఒడ్డుకొస్తాయి. ఆడదాని వీపు పట్టుకుని మగది. ఆడది తడి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది. అలా వచ్చినవే వలల్లో చిక్కి ఒడ్డున ఎండి చస్తున్నాయి. ఎంత అన్యాయం!

ఈ జీవి రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది, అందుకే నీలం. బ్యాక్టీరియా విషం సోకగానే ఆ రక్తం గడ్డకడుతుంది. టీకాలు, సెలైన్లు సురక్షితమో కాదో దశాబ్దాలుగా తేల్చింది ప్రధానంగా అమెరికా తీరంలోని దీని బంధుజాతి రక్తమే. ఇప్పుడు ప్రయోగశాలలో తయారైన ప్రత్యామ్నాయం ఉంది. టీకాల రాజధాని అనిపించుకుంటున్న హైదరాబాద్ సంస్థలు దానికి మారాలి. వలలో పడిన పీతను జాలరి సోదరులు తిరిగి నీళ్లలో వదలాలి.