కడలిలో ఎవరి పని యేది?

సముద్రపుగాలి సోకని టేక్మాల్ ప్రాంతమున నుండి సముద్రమునుగూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును గాని, ఉపగ్రహములు పసిగట్టిన నీటి వేడిమిని, పచ్చదనమును లెక్కించి, చేపలు దొరకు తావులను మత్స్యకారులకు తెలుపుచున్న ఇన్‌కాయిస్ సంస్థయు 1999 నుండి కడలి లేని హైదరాబాదుననే యున్నది కదా!

బొచ్చె పైనీటి సూక్ష్మజీవులను, రవ్వ నడినీటి మేతను, మ్రిగాల అడుగున కుళ్ళిన పదార్థమును తినునని యెఱిగియే మన చెరువులలో మూటిని కలిపి వదలుదురు. పేరునుబట్టి గాక పనినిబట్టి చేపను గుర్తించు నీ జ్ఞానమే సముద్రములకును గణితరూపమున విస్తరించినది. 1984లో జెఫ్రీ పొలొవినా హవాయి పగడపు దిబ్బలకై కల్పించిన ఎకోపాత్ నమూనాలో, ఏ జాతి యెంత బరువున్నది, ఎంత పెరుగుచున్నది, దేనిని ఎంత తినుచున్నది యను పద్దులు జమాఖర్చులవలె సరిపోవలెను. అట్లు సరిపుచ్చిన రెండు కడలుల లెక్కలను ప్రక్కప్రక్కన నుంచినచో, ఇక్కడ మన నూనె కవ్వలు చేయు పనిని అక్కడ ఏ చేప చేయుచున్నదో ఊహింప వీలగును.

అయితే జీవుల పని స్థిరమైనది కాదు. వాషింగ్టన్ రాష్ట్రమున మకా అఖాతపు శిలలపై పైసాస్టర్ అను నక్షత్రమీనములను ఏరివేయగా, ఆల్చిప్పలు శిలల నాక్రమించి, అచ్చటి 15 జాతులు 8కి తగ్గెనని రాబర్ట్ పెయిన్ 1966లో ప్రకటించెను. పిమ్మట న్యూజీలాండులో వేఱొక జాతి నక్షత్రమీనమును తొలగింపగా అక్కడను ఆల్చిప్పలే విజృంభించెను. కాని 1994లో బ్రూస్ మెంజి బృందము ఓరెగాన్ తీరమున చూచినదేమనగా, అలల తాకిడి గల చోట శాసించు ఆ పైసాస్టరే అలలు మందగించిన చోట అంతటి ప్రభావము చూపకుండెను.

కావున నా అభ్యంతరము నమూనాలపై కాదు, అరువు లెక్కలపై. స్థానికముగా భోజనవివరములు కొఱవడినప్పుడు ఇతర సముద్రముల పట్టికలను తెచ్చి పూరించుట కలదు. అట్లు పూరించి, పిదప రెండు కడలులును పోలియున్నవని ఆశ్చర్యపోవుట కంటె హాస్యాస్పదమేమున్నది? 1803లో విశాఖపట్టణపు చేపలను గ్రంథస్థము చేసిన పాట్రిక్ రస్సెల్ తెలుగు పేళ్ళనే వ్రాసికొనెను. వానిలో ‘కానగుర్త’ యను పేరు నేటికిని ఆ చేప శాస్త్రనామమున నిలిచియున్నది. పేరు దక్కిన చేపకు భోజనపు లెక్కయు ఇక్కడిదే దక్కవలదా?

అందులకు రేవులలో ఋతుఋతువునను చేపల కడుపులు కోసి చూచు, కీర్తి రాని పనికి ధనము వెచ్చింపవలెను. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు తూర్పుతీరమున మరపడవల వేట నిలిచియుండు 61 దినములలో, నిషేధము వర్తింపని తెప్పలవారి వద్దనే పరీక్షకు వలయు చేపలను కొని, వారికి తగిన వెల చెల్లింపవలెను.