అమ్మీ రాలేదని బచ్చీని ఆపొచ్చా?

"ఖాలా, మా అమ్మీ డ్యూటీకి రాలేదని నన్ను తీసేసిండ్రా?"

మే నెల ఆఖరి ఆదివారం పొద్దున, స్విమ్మింగ్ పూల్ గేటు దగ్గర, తడి జుట్టుతో నిలబడి పదకొండేళ్ల అమ్మాయి నన్నడిగిన సవాల్ ఇది. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. ఆ పొద్దు నాకది తెలుగు సవాలే అయింది. "అరే నై బేటా, వచ్చేసారి పెడతరు నిన్ను" అని తల నిమిరాను. అది ఝూట్ అని నాకు తెలుసు. ఎందుకంటే ఎవర్ని పెట్టాలో, ఎవర్ని తియ్యాలో రాసిన కాయితం నా చేతి రాతే.

ఏ పూల్, ఎవరి బ్యాచ్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. తప్పు ఆ పూల్‌ది కాదు, మా తల్లిదండ్రులది. అందులోనూ ఎక్కువ నాది. మీ ఊళ్లో, మీ బస్తీలో కూడా ఈ ఎండాకాలం ఇట్లాంటిదే జరిగి ఉండొచ్చు. అందుకే దాచకుండా రాస్తున్నా.

మా వారాసిగూడ నుంచి ఆడపిల్లలు ఓ డజను మంది, సీతాఫల్‌మండి, తార్నాక వైపు నుంచి మిగతావాళ్లు, మొత్తం ఇరవై ఎనిమిది మంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఆడపిల్లల బ్యాచ్. నేర్పేది ఒక్క కోచ్ మేడమ్, గట్టు మీద ఒక్క లైఫ్‌గార్డ్. ఇద్దరు ఇరవై ఎనిమిది మందిని ఎట్లా చూస్తారు? అందుకే తల్లులు వంతులవారీగా రావాలని మొదటి రోజే అనుకున్నాం. రోజుకి ముగ్గురు. ఒకరు గేటు దగ్గర వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తలలు లెక్కపెట్టాలి. ఒకరు బట్టలు మార్చుకునే గదుల దగ్గర నిలబడాలి. ఇంకొకరు నిమ్మకాయ నీళ్లు, అరటిపళ్లు చూసుకుని, టైమింగ్ తీసే రోజైతే స్టాప్‌వాచ్ పట్టుకోవాలి.

మన ఇళ్ల సంగతి మీకు తెలియంది కాదు. బచ్చీ ఈతకి పోతానంటే ఇంట్లో మొదటి మాట: "గట్టు మీద ఎవరుంటరు?" ఫుల్ స్లీవ్స్ కాస్ట్యూమ్ ఎక్కడ దొరుకుతుందన్నది రెండో మాట. తెలిసిన ఆడమనిషి అక్కడ ఉంటే సగం ఇళ్లల్లో ఇజాజత్ దొరుకుతుంది. అంటే గట్టు మీద కూర్చున్న అమ్మీ తన బిడ్డనొక్కదాన్నే కాదు, ఇంకో పదిమంది ఆడపిల్లల ఈతని నిలబెడుతోంది. ఇది చిన్న ఖిద్మత్ కాదు. దీన్ని తక్కువ చెయ్యడానికి నేనీ మాట రాయడం లేదు.

ఐదు వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకి ముగ్గురు. హిసాబ్ వేస్తే తొంభై వంతులు. ఇరవై ఎనిమిది ఇళ్లకి పంచితే ఇంటికి మూడో నాలుగో పొద్దులు. అంతే! కానీ నా దగ్గరున్న హాజరు పుస్తకం తీసి చూస్తే, ఆ తొంభైలో అరవై వంతులు ఐదుగురు ఆడవాళ్లే చేశారు. నేనొకదాన్ని. అబ్బాజాన్‌ల సంతకం పుస్తకంలో రెండే రెండు చోట్ల ఉంది, అదీ గేటు దగ్గర. గదుల దగ్గరికి మగవాళ్లు రాకూడదు, సరే. గేటు బయట తలలు లెక్కపెట్టడానికేమైంది? అరటిపళ్లు తేవడానికేమైంది? ఆఖరి రోజు ఫోన్లు పట్టుకుని ఫొటోలు తియ్యడానికి మాత్రం అందరూ వచ్చారు, మాషా అల్లాహ్!

మూడో వారానికి మా ఐదుగురికీ ఓపిక అయిపోయింది. ఒక భాభీ ఫజర్ నమాజ్ అవ్వంగనే టిఫిన్ డబ్బాలు కట్టి, బస్సెక్కి వచ్చేది. "మేమేమన్నా నౌకర్లమా? డ్యూటీ చెయ్యనోళ్ల పిల్లల్ని రిలేలో పెట్టొద్దు" అంది. మాకు న్యాయమే అనిపించింది. నేను దాన్ని నీట్‌గా రాసి గ్రూపులో పెట్టాను. నాలుగు వంతులు చేసిన ఇళ్ల పిల్లలకే రిలేలో ఛాన్స్ అని. కోచ్ మేడమ్ "మీరూ మీరూ చూసుకోండి, నాకు లడాయి వద్దు" అంది.

ఆఖరి రోజు నలుగురు ఆడపిల్లల రిలే. ఒక్కొక్కరు పాతిక మీటర్లు. ముగ్గురి విషయంలో పేచీ లేదు. నాలుగో చోటుకి ఇద్దరున్నారు. ట్రయల్‌లో ఆ అమ్మాయికి ఇరవై రెండు సెకన్లు. ఇంకో అమ్మాయికి ఇరవై నాలుగు. ఆ ఇంకో అమ్మాయి నా కూతురు.

రిలేలో ఎవరు ఈదారో చెప్పక్కర్లేదు కదా.

ఆ అమ్మాయి ఇంటి సంగతి చెప్తాను. అబ్బా ఆటో నడుపుతాడు. పొద్దున సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు దిగేవేళ గిరాకీ. ఆ రెండు గంటలు పోతే ఆ పూట రోటీ పోయినట్టే. అమ్మీ ఇంట్లో కుట్టు మిషన్ మీద బ్లౌజులు కుడుతుంది, ఫాల్స్ వేస్తుంది. శాదీల సీజన్‌లో రాత్రి ఒంటిగంట దాకా మిషన్ ఆగదు. మంచం పట్టిన సాస్ ఉంది. ఆమెని కడిగి, తినిపించి లేచేది పొద్దున ఆ ఆరు, ఎనిమిది మధ్యలోనే. పుస్తకంలో ఆమె పేరు ముందు నాలుగు సున్నాలు.

కానీ మొదటి వారంలో ఆ పిల్ల ఓ మూట మోసుకొచ్చింది. తడిబట్టలు పెట్టుకోడానికి సంచులు. నీళ్లు కారని గుడ్డతో, లోపల ప్లాస్టిక్ వేసి, నాడాలు పెట్టి కుట్టినవి. ఒక్కటి కాదు, ఇరవై ఎనిమిది. ఎవరూ అడగలేదు. ఎవరూ పైసా ఇవ్వలేదు. నా కూతురు కూడా రోజూ ఆ సంచీలోనే తడిబట్టలు ఇంటికి తెచ్చింది. నేను వాటిని పిండి ఆరేశాను. అయినా నా పుస్తకంలో ఆ సంచులు లేవు. ఎందుకంటే పుస్తకంలో మూడే గడులున్నాయి: తేదీ, పేరు, సంతకం. గేటు దగ్గర నిలబడితేనే ఖిద్మత్, ఇంట్లో కూర్చుని కుడితే కాదు అని ఆ గడులు గీసింది కూడా నేనే.

ఇక్కడ రెండు వేర్వేరు హక్కులున్నాయి. మేం ఒకే తక్కెట్లో వేసి తూచాం. పని అందరూ పంచుకోవాలన్నది పెద్దవాళ్ల మధ్య హిసాబ్. ఎవరు బాగా ఈదుతారో వాళ్లు ఈదాలన్నది పిల్లల మధ్య హిసాబ్. పెద్దల బాకీ పిల్లల దగ్గర వసూలు చెయ్యడం ఏ ఇన్సాఫ్? ఇంకో మాట. ఖిద్మత్ చేసి దానికి బదులు నా బిడ్డకి చోటు ఇమ్మంటే అది ఖిద్మత్ కాదు, తిజారత్. నేను తిజారత్ చేశాను.

"పని చెయ్యని వాళ్లకి ఏ నుక్సానూ లేకపోతే రేపు ఒక్కరూ రారు" అంటారు. ఇది నిజమైన మాటే, కొట్టిపారెయ్యలేను. మా ఐదుగురి అలసట కూడా నిజమే. కానీ రాని ఇరవై మూడు ఇళ్లలో నిజంగా మజ్బూరీ ఉన్నవి ఎన్ని? నాకు తెలిసి ఆరో ఏడో. మిగతావాళ్లు బద్ధకించినవాళ్లు, "వాళ్లు చూసుకుంటర్లే" అనుకున్నవాళ్లు. రూల్ పెట్టాక వీళ్లలో కొందరు పరిగెత్తుకొచ్చి నాలుగు సంతకాలు పెట్టి పోయారు. కారున్నవాళ్లకి నాలుగు పొద్దులు పెద్ద లెక్క కాదు. రూల్ తగిలింది రాలేనివాళ్లకి, రానివాళ్లకి కాదు.

మా చిన్న చెల్లెలు అమెరికాలో వర్జీనియాలో ఉంటుంది. అక్కడ ఎండాకాలం ఈత టీములంటే పెద్ద జాతరే. నార్తర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్ 1956 నుంచి నడుస్తోంది. వాచీలు పట్టేదీ, ఈత పద్ధతి తప్పితే చూసి చెప్పేదీ తల్లిదండ్రులే. ఆ దేశంలో చాలా క్లబ్బులు సీజన్ మొదట్లో కొంత డబ్బు జమా చేయించుకుంటాయి, వంతులు చేస్తే వాపస్, చెయ్యకపోతే పోయినట్టే. ఇదంతా విని నేను "వాహ్, మనం కూడా పెడదాం" అన్నాను. చెల్లెలు నవ్వింది. "ఆపా, డబ్బున్నోళ్లు ఆ డబ్బు వదిలేసి హాయిగా ఇంట్లో నిద్రపోతరు. లేనోళ్లు నిలబడతరు" అంది. జుర్మానాతో పని పంచితే పని బీదవాళ్ల మీద పడుతుంది, చోటుతో పంచితే శిక్ష పిల్లల మీద పడుతుంది. రెండూ మనకి వద్దు.

అక్కడి నుంచి నేర్చుకోవలసింది వేరే ఉంది, అది స్టాప్‌వాచ్ పట్టే పద్ధతి. పెద్ద పోటీల్లో చేతి వాచీలతో టైమింగ్ తీస్తే ఒక్కో లేన్‌కి ముగ్గురుంటారు. మూడింట్లో రెండు వాచీలు ఒకే టైమ్ చూపిస్తే అదే ఖాయం. మూడూ వేర్వేరుగా వస్తే మధ్యది తీసుకుంటారు. ఒక్కరి చెయ్యి తొందరపడినా, ఒక్కరి మనసు ఒకవైపు మొగ్గినా పిల్లకి నష్టం రాకూడదని ఈ ఏర్పాటు. మా ట్రయల్ రోజు నా కూతురి లేన్‌కి వాచ్ పట్టింది ఎవరనుకున్నారు? నేనే, ఒక్కదాన్నే. అయినా రెండు సెకన్లు వెనకే వచ్చింది. వాచీ నిజమే చెప్పింది, ఆ తర్వాత కాయితం మీద అబద్ధం రాసింది మేం.

నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు మన ఇళ్లల్లో ఎంత ఖుషీ! ఆమె వెనక నిజామాబాద్‌లో వాళ్ల అబ్బా జమీల్ అహ్మద్ ఉన్నారు. సానియా మీర్జా వెనక వాళ్ల అబ్బా ఇమ్రాన్ మీర్జా ఉన్నారు. బిడ్డల కోసం నిలబడ్డ ఆ అబ్బాజాన్‌లకి సలాం. కానీ అందరు అబ్బాజాన్‌లూ మైదానం గట్టు మీద నిలబడలేరు. వెనక ఎవరూ నిలబడలేని బిడ్డకి కూడా ఓ లేన్ దొరకాలనే కదా సమ్మర్ క్యాంపులు పెట్టేది. జీహెచ్ఎంసీ ఏటా ఎండాకాలంలో 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకి నామమాత్రం ఫీజుతో కోచింగ్ క్యాంపులు నడిపేది అందుకే. అమ్మీ అబ్బాల తీరిక చూసి చోటిచ్చేటట్టయితే, ఫీజు పది రూపాయలైనా అది పెద్దోళ్ల క్లబ్బే.

పైగా ఈత ఒట్టి ఆట కాదు. బిడ్డలకి ఈత నేర్పమని హజ్రత్ ఉమర్ అన్నారని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో దునియా మొత్తం మీద నీట మునిగి సుమారు 3 లక్షల మంది చనిపోయారు. అందులో దాదాపు సగం మంది ముప్పై ఏళ్లు నిండనివాళ్లు. సెలవుల్లో మన బస్తీల పిల్లలు క్వారీ గుంతల్లోకి, చెరువుల్లోకి దిగి తిరిగి రాని ఖబర్లు ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాం. ఒక్క రిలే పోతే ప్రాణం పోదు, నిజమే. కానీ నలుగురిలో షర్మ్ పడ్డ పిల్ల వచ్చే ఏడు పూల్‌కి రాదు. ఆ భయం నాది.

అందుకే ఆపాలూ, భాయ్‌లూ, నా రాయ్ చెప్తున్నా. గుంటూరులో ఈతైనా, కరీంనగర్‌లో కబడ్డీ అయినా పనికొస్తుంది.

మొదటి రోజే ప్రతి ఇంటినీ అడగండి: మీకు ఏ వేళ వీలవుతుంది, ఏ పని వస్తుంది? పొద్దున రాలేనివాళ్లు రాత్రి ఫోన్లు చెయ్యొచ్చు, కుట్టొచ్చు, ఆదివారం ఒక్క ట్రిప్పు పిల్లల్ని ఆటోలో దింపొచ్చు. అన్నీ పుస్తకంలో ఎక్కాలి. మగవాళ్లకి గేటు, పళ్లు, నీళ్లు వంతు వెయ్యండి, అడగండి, సిగ్గుపడకండి. వీలుండీ రానివాళ్లతో పెద్దవాళ్లే మొహం మీద మాట్లాడండి, పిల్లల ద్వారా కబురు పంపకండి. ఎవరూ తమ బిడ్డ లేన్‌కి వాచ్ పట్టొద్దు, లేన్‌కి కనీసం ఇద్దరుండాలి. ఎవరు ఈదాలన్నది కోచ్ చెప్పాలి, టైమింగ్ గోడ మీద అంటించి చెప్పాలి. ఆ కాయితం ఏ అమ్మీ రాయకూడదు.

పోయిన జుమ్మా రోజు సాయంత్రం నేను ఆ భాభీ ఇంటికి పోయాను. మాఫీ అడిగాను. ఆమె మిషన్ ఆపలేదు. కాసేపటికి అంది: "నేను రానని ఎవరన్నరు ఆపా? పొద్దున రాలేనన్న. రాత్రి పది దాటినంక ఏ పని ఇచ్చినా చేద్దును. ఎవ్వరడగలే." ఆ పిల్ల పక్కనే కూర్చుని జాకెట్లకి హుక్స్ కుడుతోంది, తలెత్తలేదు.

"వచ్చే ఏడు పంపుతరా భాభీ?" అన్నాను.

"చూద్దాం ఆపా, ఇన్షా అల్లాహ్."

మన ఇళ్లల్లో ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో మీకూ తెలుసు. ఇంటికొచ్చి కొత్త పుస్తకం తీశాను. తేదీ, పేరు, సంతకం పక్కన నాలుగో గడి గీశాను: ఇంటి నుంచి చేసిన పని. మొదటి వరసలో ఆమె పేరు రాసి, ఆ గడిలో ఇరవై ఎనిమిది సంచులు అని రాశాను. నాలుగు సున్నాలున్న పాత పుస్తకం పారెయ్యలేదు. వచ్చే ఏడు మొదటి రోజు రెండూ పట్టుకుపోయి అందరి ముందూ పెడతాను.