చప్పట్లు కొట్టేదానికేనా మన పిల్లోళ్లు?

మోటారు రేసులకు వయసు పిల్లోళ్లు అభిమానులుగా కావాలంట. దానికోసం సినిమావాళ్లను పిలుస్తున్నారు, సెల్‌ఫోన్లలో చిన్న చిన్న వీడియోలు వదులుతున్నారు. మంచిదే. అయితే ఎవరి పిల్లోళ్లు కావాల? వాళ్లను యాడ నిలబెడతారు? ఈ రెండూ అడగాల్సిందే.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది. కరెంటు కార్ల రేసు. దేశంలో ఆ పోటీ అదే మొదటిసారి. 2.83 కిలోమీటర్ల రోడ్డుకు కంచెలు కట్టినారు. పక్కనే బాబాసాహెబ్ 125 అడుగుల విగ్రహం లేస్తా ఉండింది. రెండు నెలలకు, ఏప్రిల్ 14న, దాన్ని ఆవిష్కరించినారు. రేసు టికెట్టు తక్కువలో తక్కువ వెయ్యి రూపాయలు. కర్నూలు నుంచి పోయి రావాలంటే బస్సు చార్జీ వేరే. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. డబ్బు లెక్కల మీద పార్టీలు కొట్లాడుకున్నాయి. ఆ కొట్లాటలో మన పిల్లోళ్ల మాట ఎత్తినోళ్లు మాకు కనపడలేదు.

మన పిల్లోళ్లకు బండి మీద మోజు లేకనా? మన తాతలు పెద్దకులాల వీధిలో చెప్పులు చేత పట్టుకొని నడిచినోళ్లు. సైకిలెక్కి పోతే దించినారు. అదే వీధిలో మనవడు బండి మీద పోతాంటే కళ్లలో నిప్పులు పోసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే వాని మోజును పొగరు అంటే మేం ఒప్పుకోం. హెల్మెట్టు లేకుండా హైవే మీద పందేలేస్తే దాన్నీ ఒప్పుకోం. మా దగ్గర చదివిన పిల్లోణ్ణి ఒకణ్ణి అట్ల రోడ్డు మీది నుంచి ఎత్తుకొచ్చినాం. వాళ్లమ్మ ఆ పొద్దు శనగ చేలో కూలికి పోయింది. ఉన్నోళ్ల పందేనికి ట్రాకు, హెల్మెట్టు, పక్కన డాక్టరు. మనోళ్లకు లారీలు తిరిగే రోడ్డా?

పంచరు అంగళ్లలో, ట్రాక్టరు షెడ్లలో గ్రీజు చేతులెవరివి? ఇంజను శబ్దం విని రోగం చెప్పే పిల్లోళ్లు మన వాడల్లో ఉన్నారు. అమెరికాలో వెండెల్ స్కాట్ అనే నల్లజాతి మెకానిక్కు తన కారు తానే బాగుచేసుకొని రేసులకు పోయేటోడు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో గెలిచినాడు. కప్పు మాత్రం తెల్లాయన చేతికిచ్చినారు. గంటల తర్వాత లెక్క తప్పిందన్నారు. రేసుల సంస్థ ఆయన కుటుంబానికి కప్పు ఇచ్చింది 2021లో. అప్పటికి ఆయన చనిపోయి 30 ఏండ్లు.

అదే 2021లో, ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన లూయిస్ హామిల్టన్ వేయించిన కమిషను ఒక లెక్క తేల్చింది. ఫార్ములా వన్ ఉద్యోగుల్లో నల్లవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. టికెట్లు చవక చేయండని కాదు ఆ కమిషను అడిగింది. బడుల్లో లెక్కలు, సైన్సు చెప్పే నల్ల టీచర్లను పెంచమంది. బడిపంతుళ్లం గదా, ఆ మాట మాకు బాగా తగిలింది.

కడపకు హైదరాబాదు కంటే మద్రాసే దగ్గర. అక్కడ శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది. మా ఐటీఐ, గురుకులం పిల్లోళ్లను రానీయండి. గ్యాలరీలో వద్దు, బండ్లు విప్పి బిగించే చోట నిలబెట్టండి. ఒక టైరు వాళ్ల చేత మార్పించండి. బస్సు డీజిలుకు మేం చందా వేసుకుంటాం. గేటు తీస్తారా లేదా, ఆ ఒక్కటి చెప్పండి.