ఇంట్లో కట్టుకునే విమానం

మేడ్చల్, శామీర్‌పేటల వైపు వెళ్ళేవారికి విమానాల రొద కొత్తగాదు. ఒక ప్రక్క దుండిగల్, మరొక ప్రక్క హకీంపేట. రెండుచోట్లా వైమానికదళంవారి శిక్షణే. గురువూ శిష్యుడూ ఎక్కే ఆ చిన్న విమానాలను చూసి, "ఇటువంటిది మనమే చేసుకుంటేనో?" అని ఎవరైనా అంటే నవ్వుతాం. నవ్వనక్కరలేదంటాను.

అమెరికాలో బర్ట్ రూటన్ అనే ఆయన సరిగ్గా అందుకే "లాంగ్-ఈజీ"ని రూపొందించాడు. ఇద్దరెక్కవచ్చు. 1979లో ఎగిరింది. నురుగు దిమ్మలు కోసి, గాజునార గుడ్డ పరచి, రెసిన్ పట్టిస్తే రెక్క తయారు! చిన్నరెక్క ముందు, పెద్దరెక్కా ఇంజనూ వెనక. ఎందుకంటారా? వేగం తగ్గి ముక్కు మరీ పైకెత్తితే, ముందరి చిన్నరెక్కే మొదట పట్టు విడుస్తుంది. ముక్కు దిగుతుంది, విమానం నిలదొక్కుకుంటుంది.

బెంగుళూరులోని జాతీయ వైమానిక పరిశోధనశాలవారు ఈ నమూనా ఆధారంగానే ఒకటి చేసి 1987లో ఎగురవేశారు. తర్వాత వారిదే ఇద్దరెక్కే "హంస" 1993లో ఎగిరింది.

ఇంటికప్పు కారితే మేస్త్రీని తిట్టుకోవచ్చు. సొంత విమానానికి ఆ సదుపాయం లేదు. రెసిన్ సరిగా పట్టనిచోటు ఇరుగుపొరుగు చూడకపోవచ్చు గాని, గాలి చూస్తుంది. అంచేత, కుట్టుమిషను విప్పి, ఒక్క మరైనా మిగలకుండా తిరిగి బిగించగలవారే ఈ పనికి పూనుకోవాలని నా మనవి!